మీసాలాయన డబ్బా

మా మామకు పై వరసలో ముందరి పళ్ళు రెండు లేవు. ఆయన చేసేది పండ్లపొడి వ్యాపారం. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఎమ్మిగనూరులో నేను తప్ప ఇంకెవరూ లేరనుకుంటాను. ఎందుకంటే ఆ లోటును కప్పిపెట్టే మీసాలు ఆయనకుండేవి. పొద్దున్నే ఆముదం రాసి, కొసలు మెలిపెట్టి, తలపాగా చుట్టుకుని బయటికొస్తే, పొడి అమ్మడానికి కాదు, ఏదో సంస్థానం ఏలడానికి పోతున్నట్టుండేది.

నిజానికి పొడి చేసేది మా అత్త. వీధిగదిలో కిటికీ కింద, నేలలోకి పాతిన రోలొకటి ఉండేది. తుమ్మబెరడు, లవంగాలు, పటిక, ఉప్పు, మిరియాలు, ఇంకా ఎవరికీ చెప్పని ఒక ఆకు. అన్నీ ఆ రోట్లోనే దంచేది. జల్లెడ పట్టి, చిటికెడు నాలిక మీద వేసుకుని "ఊఁ" అంటే పొడి అయినట్టు. ఆ "ఊఁ" రాకపోతే మళ్ళీ దంచాల్సిందే. ఆమె లోపల దంచుతుంటే మామ అరుగు మీద కూర్చుని వ్యాపారం చేసేవాడు. అంటే దారిన పోయేవాళ్ళను పిలిచి మాట్లాడేవాడు. మా ఆయన ఈ కథలో పెద్దగా రాడు. ఆయన సైకిలు మీద సంచులు మోసేవాడు, ఎవరేం చెప్పినా సరే అనేవాడు.

నేను ఆదోని పిల్లను. మా నాయనకు అక్కడ బజారు వెనక సందులో అట్టపెట్టెల దుకాణం. మిఠాయి అంగళ్ళకూ చెప్పుల అంగళ్ళకూ పెట్టెలు చేసిచ్చేవాడు. మైదా బంకలో మైలుతుత్తం ఎంత కలిపితే పురుగు పట్టదో, అట్ట ఎటు మడిస్తే లొంగుతుందో నాకు వంట కంటే ముందే తెలుసు. వంట సంగతి అడగొద్దు, అది ఇప్పటికీ అంతంత మాత్రమే. డెబ్బైల చివర్లో పెళ్ళయి ఎమ్మిగనూరు వచ్చాక, చేతులకు ఆ బంక వాసన లేక నాకు పిచ్చెక్కినంత పనయింది. పొయ్యి ముందర కూర్చున్నా మనసంతా ఆ వీధిగది కిటికీ మీదే. ఆ ఇంట్లో సరైన వెలుతురు పడేది అక్కడొక్కచోటే. ఆ వెలుతుర్లో ఒక బల్ల వేసుకుని, కత్తీ స్కేలూ పెట్టుకుని అట్టలు కోసుకుంటే! అంతకు మించి ఏ నగా వద్దనిపించేది.

ఒకనాడు ధైర్యం చేసి మామను అడిగాను.

"బల్లనా? నీకి బల్ల యాలమ్మా? నువ్వేమన్నా తాసిల్దారువా?" అన్నాడు.

"అట్టడబ్బాలు చేస్తా మామా."

"ఎవురికి?"

నోటికొచ్చింది అనేశాను. "మనకే. మన పొట్లాలు చూడు, ఎంత దరిద్రంగా ఉండాయో."

అరుగు మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. మామ నవ్వలేదు, కానీ ఆలోచనలో పడ్డాడు. మా పొడి అప్పుడు కాగితం పొట్లాల్లో పోయేది. మూల చించితే ఇక మూసే దారి లేదు. నాలుగు పూటలు తడిచేతులు తగిలితే లోపల పొడి గడ్డ కట్టేది. తప్పు పొట్లానిదైతే, తిట్లు అత్త పొడికి. "ఎమ్మిగనూరు పొడా? అది రాయి గదా" అని మా అత్త ముందరే ఒకామె అంటే, అత్త ఆ పూట అన్నం తినలేదు. పైగా అంగళ్ళలోకి పట్నం కంపెనీల రేకుడబ్బాలు దిగాయి, మూతలతో సహా.

మామ మీసం దువ్వుకుని అందరికీ వినబడేటట్టు చెప్పాడు. "సరేమ్మా. తీస్తే రావాల, మూస్తే పడాల. అట్లాంటి డబ్బా చెయ్. అది నడిస్తే ఆ కిటికీ కాడ నీకి బల్ల ఏయిస్తా. నడవకపోతే మాత్రం, మళ్ల బల్ల అనే మాట నీ నోట్లో నుంచి రాకూడదు. పొయ్యి కాడికి పో."

నలుగురి ముందర అన్న మాట కాబట్టి తప్పడని నాకు ధైర్యం. పాత క్యాలెండర్ అట్టలు పోగేసుకుని వంటింట్లో నేల మీదే కూర్చున్నాను.

మొదటి డబ్బా చూడ్డానికి బాగుంది. మూత మూస్తే మూసుకునేది, చెయ్యి తీయగానే మెల్లగా పైకి లేచేది. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమ్మే, ఇది అచ్చం నీ మాదిరే ఉండాది. నోరు ముయ్యమంటే ముయ్యదు" అంది. నాకు ఒళ్ళు మండింది. మండినా, లోపం ఎక్కడుందో తెలిసింది. నేతబట్టకున్నట్టే అట్టకూ పోగు ఉంటుంది. పోగు వెంబడి మడిస్తే ఒదుగుతుంది, అడ్డంగా మడిస్తే ఎదురు తిరుగుతుంది. తెలిసీ, అట్ట కలిసొస్తుందని అడ్డంగా కోశాను. అత్తగారింటి పిసినారితనం నాకప్పుడే అంటుకుంది.

రెండో డబ్బా పోగు చూసి కోశాను. దాన్ని వీధిలో ఆడవాళ్ళకిచ్చి, పొద్దున కొళాయి దగ్గర నిలబడి గమనించాను. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. మా వైపు పళ్ళు తోముకోవడం ఒక పని కాదు, కాలక్షేపం. కుడిచేతి వేలు నోట్లో పెట్టుకుని వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిరగాలి, ఎవరింట్లో ఏం కూరో కనుక్కోవాలి, ఎవరి కోడలు అలిగిందో ఆరా తీయాలి, మధ్యలో పొడి అయిపోతే మళ్ళీ వేసుకోవాలి. అంతసేపూ కుడిచెయ్యి నోట్లోనే. ఖాళీగా ఉండేది ఎడమచెయ్యి ఒక్కటే. రెండు చేతులతో పొందికగా మూసే డబ్బా ఈ జనానికేం పనికొస్తుంది? మూత మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి వదిలేశారు. అది కాస్తా తెరుచుకుని, పొడి కొళాయి గట్టు మీద పడింది.

"ఏమ్మే, పొడి పళ్ళకా, గట్టుకా?" అంది అత్త.

ఆ మాటతో కత్తి తీసుకుని కూర్చున్నాను. ఇట్లాంటి డబ్బా మూతకు కొసన, లోపలికి దూరే మడత ఒకటుంటుంది. మా నాయన దాన్ని నాలిక అనేవాడు. మూత కింద, అటొకటి ఇటొకటి, లోపలికి మడిచే రెక్కలుంటాయి. కోపంలో కోస్తున్నానేమో, నాలిక మడత దగ్గర కత్తి గీత దాటి రెండు కొసల్లోనూ గోరంత గాటు పడింది. అట్ట పాడైందనుకుని తిట్టుకుంటూనే మడిచాను. నాలిక లోపలికి పోయింది. పక్క రెక్కల అంచులు ఆ రెండు గాట్లలో చిక్కుకున్నాయి. "టక్" మంది. తలకిందులు చేశాను, ఊపాను, అత్త ముందర నేల మీద పడేశాను. ఊడలేదు. ఎడమచేతి బొటనవేలితో ఎత్తితే తెరుచుకుంది, నొక్కితే మళ్ళీ టక్.

అత్త చేతిలోకి తీసుకుని తెరిచి మూసింది. మళ్ళీ తెరిచి మూసింది. "ఈ శబ్దం బాగుంది మే" అంది. పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా ఇద్దరం పట్టించుకోలేదు.

డబ్బా అయింది కదా, ఇక అచ్చేయడమే అనుకున్నాను. నా పిచ్చి గానీ, అసలు రామాయణం అప్పుడు మొదలైంది. డబ్బా మీద తన ఫోటో ఉండాలన్నాడు మామ.

ఆదోనిలో మా నాయనకు తెలిసిన ప్రెస్సులో మొదటి నమూనా అచ్చేయించి తెచ్చాం. డబ్బా పొట్టిది, మామ తలపాగా పొడుగు. మొహం ముందువైపు పడితే తలపాగా మూత మీదికి పోయింది. మామ మురిసిపోతూ మూత ఎత్తాడు. తలపాగా ఊడొచ్చింది.

"థూ! పొద్దున్నే పతొక్కడూ నా తలపాగా లేపేదా? నా పరువేం గావాల?"

ఫోటో చిన్నది చేయించాం. "మీసం యాడమ్మా? చీమ కూచున్నట్లుండాది" అన్నాడు. తలపాగా తీసేద్దామంటే, "పంచె గూడా తీసేయమంటావేమో" అన్నాడు. అరుగు మీద సలహాదార్లలో ఒకాయన, "పండ్లపొడి గదన్నా, పండ్లు కనపడేటట్ల నవ్వుతా ఫోటో దిగు" అన్నాడు. లోపల అత్తకు పొర పోయి దగ్గు వచ్చింది. ఆ సలహాదారు మళ్ళీ కొన్నాళ్ళు మా అరుగెక్కలేదు. డబ్బా ఎట్లా మూసుకుంటుందని ఒక్కరంటే ఒక్కరు అడిగితే ఒట్టు.

చివరికి ప్రెస్సులో ఫోటోకు అచ్చుబ్లాకు చేసేవాడే పుణ్యం కట్టుకున్నాడు. తలపాగాను సగానికి నొక్కి, మీసాలను సాగదీశాడు. ఎంతగా సాగదీశాడంటే, ముందు అట్ట చాలక కొసలు రెండు పక్కలకూ తిరిగాయి. డబ్బాను ఎటు తిప్పినా ఏదో ఒక మీసం కొస కనబడేది. మామ దాన్ని తిప్పి తిప్పి, రెండు కొసలూ వేలితో తడిమి చూశాడు. తర్వాత, "ఇది నేనే" అన్నాడు.

డబ్బా నడిచింది. నడవడం కాదు, పరిగెత్తింది. పత్తికొండ, ఆస్పరి, చిప్పగిరి, ఎక్కడికి పంపితే అక్కడ అయిపోయేది. అంగళ్ళవాళ్ళు "మీసాలాయన డబ్బా" అని పేరు పెట్టారు. అత్త దంచి దంచి అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా ఆమె మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. పొడి గడ్డ కడుతుందన్న మాట ఊరంతా మరిచిపోయింది. నేను బల్ల సంగతి ఎత్తితే మామ, "కానీలేమ్మా, ఇంగా కొన్నాళ్ళు నడవనీ" అనేవాడు.

ఆ కొన్నాళ్ళు అయ్యేసరికి అమ్మకం ఠక్కున ఆగిపోయింది. మా ఆయన నింపుకుపోయిన సంచులు నిండుగానే తిరిగొచ్చేవి. మామ అరుగు మీద కారణాలు వెతికాడు. వానల్లేవు కాబట్టి జనం పళ్ళు తోముకోవడం లేదన్నాడు. సినిమాలన్నాడు. వేపచెట్లు ఎక్కువయ్యాయన్నాడు. చివరికి నా వైపు చూసి, "డబ్బాలోనే ఏదో ఉండాది. రేపు ఆస్పరి సంతకు నువ్వూ రా" అన్నాడు.

దారంతా బల్ల పోయినట్టేననుకున్నాను.

సంతలో అడుగు పెట్టగానే మా డబ్బాలే డబ్బాలు. ఒక ముసలాయన మొలలోంచి మా డబ్బా తీసి, టక్కున తెరిచి, బీడీ తీసుకుని, టక్కున మూశాడు. గాజులమ్మే ఆమె సూదీదారం అందులోనే పెట్టుకుంది. మాత్రలిచ్చే డాక్టరు బల్ల మీద మామ ఫోటోలు వరసగా ఉన్నాయి, ఒకదాంట్లో జ్వరానికి, ఒకదాంట్లో విరేచనాలకు. పొడి అయిపోయినా డబ్బా పారేసిన పాపాత్ముడు ఒక్కడూ లేడు. మా వైపు ఊరికే వచ్చిన, మూత సరిగ్గా పడే వస్తువును ఎవరు పారేస్తారు?

అసలు సంగతి అంగడి దగ్గర తెలిసింది. ఒకామె మా డబ్బా ఖాళీది ముందు పెట్టి, "అన్నా, పండ్లపొడి పొయ్" అంది. అంగడాయన పక్కనున్న రేకు డబ్బాలోంచి ఇటుకరంగు పొడి ఏదో తవ్వి, మా డబ్బాలో పోశాడు. ఆమె ఎడమచేతి బొటనవేలితో నొక్కింది. టక్.

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ టక్ వినగానే నా గుండె పొంగింది. ఎన్ని నెలలు వాడిందో ఏమో, గాట్లు ఇంకా కొత్తవాటిలా పట్టుకున్నాయి. పక్కకు తిరిగి చూస్తే మామ మొహం మాడిపోయి ఉంది. ఎవడి పొడికో తన మీసాలు కాపలా కాస్తుంటే, పాపం, ఎవరికి మాత్రం మండదు?

తిరుగు బస్సులో మామ అన్నాడు. "నువ్వు శానా బాగ చేసినావమ్మా. అదే కొంప ముంచింది. ఇంగో డబ్బా చెయ్. పొడి అయిపోయేంతవరకే అది మూసుకోవాల. ఆపైన చినిగిపోవాల."

"పొడి అయిపోయిందని డబ్బాకెట్ల తెలుస్తాది మామా?"

"అదంతా నాకి తెల్దు. అట్లాంటిది చెయ్, బల్ల రేపే ఏయిస్తా."

"నా చేత్తో మూతపడని డబ్బా చెయ్యను" అన్నాను. బస్సులో పదిమంది తిరిగి చూశారు. చూడనీ!

ఇంటికొచ్చాక అత్త ఇంకో దారి చెప్పింది. "జనానికి డబ్బా ఉండనే ఉండాది గదా. మనమూ పొడి విడిగా అంగళ్ళకిద్దాం. ఆ డబ్బాల్లోకి మన పొడే పోసుకుంటారు." ఇంత చిన్న మాట. మామ ఎగిరిపడ్డాడు. "నా మొగమేసి డబ్బా చేయించినాక, మళ్ల చేటలో పోసి అమ్మేదా?" అత్త రోటి దగ్గరికి పోయి, దంచడానికేమీ లేకపోయినా అక్కడే కూర్చుంది.

మామ నా మీద పంతంతో వేరేచోట పలచటి అట్టతో డబ్బాలు చేయించాడు. అవి ఆయన కోరినట్టే చినిగాయి, కాకపోతే బస్సు టాపు మీదే. అంగళ్ళకు చేరింది చిరుగులూ బూడిదా. అంగళ్ళవాళ్ళు తిప్పి పంపారు. "మీసాలాయన పొడి వద్దు, ఖాళీ డబ్బాలుంటే చెప్పు" అన్నారట మా ఆయనతో. ఆయన దానికీ సరే అని వచ్చాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆదోని నుంచి వక్కపొడి వ్యాపారం చేసే సాయిబు ఒకాయన వచ్చాడు, చేతిలో మా పాత డబ్బా పట్టుకుని. "అన్నా, దీన్ని చేసిన మేస్త్రీ యాడుంటాడు?"

మామ లోపలికి చెయ్యి చూపించాడు. "మేస్త్రీ కాదు. మా కోడలు."

సాయిబు నా వైపు తిరిగి సలాం చేశాడు. "అమ్మా, మాల్ నాది, డబ్బా మీది. ఎన్ని చేస్తే అన్ని తీసుకుంటా. మా వక్కపొడికి ఇదే కావాల."

"సరే. కొత్త బొమ్మ ఏయిద్దాం" అన్నాను.

"అయ్యో, వద్దమ్మా! మీసాలుండాల. జనం మీసాలు చూసే తీసుకుంటారు."

మామ మొహం చూడాలి అప్పుడు! పొడి పోయింది, సంచులు పోయాయి, అంగళ్ళు పోయాయి. మీసాలు మాత్రం నిలిచాయి. కొసలు మెలిపెట్టి, "మా కోడలికి కిటికీ కాడ బల్ల ఏయిస్తాండాను. ఇచ్చిన మాట ఇచ్చిందే" అన్నాడు, ఎన్నాళ్ళనుంచో ఆ పని మీదే ఉన్నట్టు.

మర్నాడే బల్ల చేసే వడ్లాయన వచ్చాడు. కొలతలు తీసి తల గోక్కున్నాడు. అట్టలు పరిచే బల్ల కాబట్టి పెద్దది కావాలి, కిటికీ కింద రోలుంది. నేను గబగబా అన్నాను, "రోలు కదపొద్దు. నేను పక్కన వేసుకుంటా."

అత్త కొంగు బిగించుకుంటూ వచ్చింది. "పక్కన ఎలుతురు పడదు మే. అట్ట పోగు కనపడొద్దా నీకి?" అని, వడ్లాయన వైపు తిరిగి, "తవ్వప్పా" అంది.

అట్ట పోగు సంగతి ఆమెకు నేనెప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. గడ్డపారతో రోలు పెకలిస్తుంటే ఆమె అక్కడే నిలబడి చూసింది. అది బయటికి రాగానే గుంటలోకి వంగి, అడుగున రాలిన పొడి చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది. "ఊఁ" అనలేదు. చేటలో మిగిలిన పొడిని నా డబ్బాలో పోసి, బొటనవేలితో టక్కున మూసి, గూట్లో పెట్టింది. "మన ఇంటికి సాలు" అంది.

నాకు పట్టలేని సంతోషంగా ఉంది, ఆపుకోలేని ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎట్లా పెట్టుకోవాలో తెలియక, మైదా ఉడకబెట్టడానికని వంటింట్లోకి పోయాను.

ఎనభైలంతా ఆ బల్ల మీదే గడిచాయి. వక్కపొడికీ, అగరొత్తులకూ, సూదులకూ చేశాను. అన్నిటి మీదా మామే. రోలు తీసిన గుంటను మట్టితో పూడ్చి పైన సిమెంటు వేశారు. అది ప్రతి ఏడూ కాస్త కుంగుతుంది. బల్ల ఎడమ కాలు సరిగ్గా అక్కడే పడుతుంది. దాని కింద అట్టముక్క మడిచి పెడతాను, కొన్నాళ్ళు నిలుస్తుంది. మళ్ళీ ఊగుతుంది.